కొత్తరేవులో తొలిగాలి

గౌరవనీయులైన గాలి సంఘం పెద్దలకు, వెలుగుమెట్ట కేంద్రం సహాయకుడు గొర్లె పైడిరాజు నేలంతా ఒకసారి తుడుచుకుని ఆ మీదట సాష్టాంగపడి రాసుకుంటున్నది.

అయ్యలారా, అమ్మలారా! ముందుగా నన్ను మన్నించాలి. నా చేతిరాతను మన్నించాలి. నాకు భౌతికశాస్త్రంలో డిగ్రీ ఇచ్చిన కాలేజీని, ఇస్తుంటే చప్పట్లు కొట్టినవాళ్ళను మన్నించాలి. ప్రతి పొద్దూ నేను ఎలక్ట్రాన్లు ఊడబెరికే నత్రజని అణువులు ఎన్ని కోట్ల కోట్లో నాకే తెలియదు. వాటి బంధుమిత్రులందరి ముందూ తల వంచుతున్నాను. సంఘం కాగితం మీద, సంఘం సిరాతో, సంఘం జీతం తింటూ, సంఘాన్నే ఇంత దీర్ఘంగా విసిగించబోతున్నందుకు నా కడుపు తరుక్కుపోతోంది. తరుక్కుపోతున్న ఆ కడుపులోకే ఈ పొద్దున మూడు ఇడ్లీలు ఎక్కువ పంపాను. అదీ మన్నించాలి.

ఆ తొలిగాలి రోజున అసలేం జరిగిందో తెలియాలి, రోజువారీ నమోదులు ఉన్నవి ఉన్నట్టు పంపమన్నారు. పంపుతున్నాను. కొన్ని వదిలేశాను. అవన్నీ కేంద్రంలో టీపొడి అయిపోవడం గురించి.

నమోదు 41. జెండా: పచ్చ.

తెల్లవారకముందే మెట్ట ఎక్కాను. లేజరు కిటికీ మీద మంచు తుడిచాను. కిటికీ గట్టు మీద కాపురం పెట్టిన గోరింకను మర్యాదగా వెళ్ళమన్నాను; వెళ్ళలేదు. అమర్యాదగా చెప్పాక వెళ్ళింది. మా కేంద్రం శాస్త్రవేత్త తవిటమ్మ మేడమ్ వచ్చి, మంకీ టోపీ తీయకుండానే "కొట్టు" అన్నారు. చిటికె కొట్టాను.

చిటికె అంటే ఏమిటో పెద్దలకు తెలియనిది కాదు, తెలిసినట్టు సంతకాలు కూడా పెట్టారు. అయినా రాస్తాను. సెకనును కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్ళీ కోటి ముక్కలు చేస్తే, వాటిలో మూడో నాలుగో. మా లేజరు మెరుపు బతికేది అంతసేపే. కానీ ఆ కాస్తలోనే దానికి ఎంత బలమంటే, దాని ధాటికి గాలే కటకంలా మారి మెరుపును సన్నని దారంగా కుదిస్తుంది. ఆ దారం మన కొత్తరేవు కప్పుల మీదుగా పడమటి లోయ దాకా సాగుతుంది. దాని పొడవునా నత్రజని కళ్ళు తెరిచి వెలుగుతుంది, అదీ ఒకే రంగులో, ఒకే దారిలో. గొట్టం లేదు, అద్దాలు లేవు. గాలే లేజరవుతుంది. చెవికి మాత్రం ఎవరో చిటికె వేసినంత చప్పుడు.

ఆ వెలుగులో మా వైపు తిరిగి వచ్చేది ఎదురువెలుగు. కంటికి కనీ కనపడని ఊదారంగు. లోయలో మునిగిన పాత రసాయనాల ట్యాంకుల నుంచి కుళ్ళుగాలి పైకి లేచిన రోజున అది ఈ ఊదాలో తన వంతు మేసేస్తుంది. మేత కనిపిస్తే ఎర్రజెండా: తలుపులు బిగించుకోవాలి, బయటికొస్తే మాస్కు ఉండాలి. కనిపించకపోతే పచ్చజెండా: కిటికీలు తెరుచుకోవచ్చు.

ఈ రోజు ఊదా నిండుగా తిరిగొచ్చింది. పచ్చ ఎగరేశాను. కింద నూట ఇరవై ఇళ్ళ కిటికీలు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటుంటే మెట్ట మీంచి ఆ చప్పుడు వినడం నాకు ఇష్టం. ఇది జీతంలో భాగం కాదు కాబట్టి పెద్దలు కోత పెట్టలేరు.

నమోదు 42. జెండా: పచ్చ.

మా వరహాలక్క ఇంటికి వెళ్ళాను. పెద్దలకు గుర్తు చేస్తున్నాను: ఆమె కూతురు ఈ ఊళ్ళో రెండేళ్ళలో పుట్టిన మొదటి బిడ్డ. నెలలు నిండకముందే వచ్చేసింది, మా ఇంట్లో ఎవరికీ లేని తొందర. అందుకని పుట్టినప్పటి నుంచి వడగట్టిన గాలి గదిలోనే ఉంది. పచ్చజెండా రోజున కూడా ఆ గది కిటికీ తెరవరు. ఊళ్ళో అందరూ 'గూటిపిల్ల' అంటారు. పేరు ఉంది, కానీ అక్క తప్ప ఎవరికీ తెలియదు. మన ఆచారం పెద్దలే పెట్టారు కదా: బిడ్డ బయటి గాలి పీల్చేదాకా పేరు పలకకూడదు. తొలిగాలి రోజున మేనమామ మాస్కు తీయాలి, తల్లి చెవిలో పేరు చెప్పాలి, వీధి వీధంతా ఆ పేరు పైకి అనాలి.

"నాకు మాత్రం చెప్పక్కా. మేనమామని. పక్కా ప్రభుత్వోద్యోగిని. రహస్యాలు కాపాడతాను."

"నువ్వా? చిన్నప్పుడు నేను లడ్డూ దొంగిలిస్తే అమ్మ అడక్కముందే చెప్పేశావు."

"అప్పటికింకా ఉద్యోగం రాలేదు."

అక్క నవ్వలేదు. ఒళ్ళో పాప బొటనవేలు సవరిస్తూ చెప్పింది. డాక్టరు వచ్చి చూశాడట. పాప ఊపిరితిత్తులు ఇప్పుడు గట్టిపడ్డాయి, ఇక బయటి గాలి అలవాటు చెయ్యాలి అన్నాడట. ఇంకా ఆలస్యం చేస్తే గూటి ఊపిరి దిగుతుందట. అంటే వడగట్టిన గాలికే ఒళ్ళు మరిగి, పెద్దయినా గది దాటలేకపోవడం.

"మూత నెలలు వచ్చేస్తున్నాయిరా పైడీ. అవి వస్తే ఇక నాలుగు నెలలు ఎవరికీ తలుపు తెరవరు. ఈలోపే అయిపోవాలి."

తొలిగాలికి మూడు రోజుల ముందు మైకులో చాటింపు వెయ్యాలని, అలా చాటిన రోజు వచ్చేసరికి జెండా పచ్చగా ఉండాలని సంఘం నిబంధన. ఈ గురువారానికి చాటించాం.

నమోదు 45. జెండా: ఎరుపు.

గురువారం. చిటికె కొట్టాను. ఊదా సగమే తిరిగొచ్చింది. ఇంకోసారి కొట్టాను. ఇంకా తక్కువ. మేడమ్ నా వైపు చూడకుండా "ఎగరెయ్యి" అన్నారు. నా అక్క కూతురి తొలిగాలికి నేనే ఎర్రజెండా ఎగరేశాను. తాడు ఇంత బరువుంటుందని ఇన్నాళ్ళూ తెలియదు.

మా బావ గవిరినాయుడు లోయలో కారే ట్యాంకులకు మూతలు వేసే జట్టులో పనిచేస్తాడు. సెలవు పెట్టుకుని వచ్చాడు. కొత్త చొక్కా విప్పి మడతపెట్టి, మాస్కు తగిలించుకుని, "చూసొస్తా" అని ఉన్నపళంగా లోయలోకి దిగిపోయాడు.

వేడుక లేకపోయినా అప్పటికే వండినవి పారెయ్యరు కదా. తొలిగాలికి ప్రతి ఇంటి నుంచీ ఆ పొద్దు మూకుట్లోంచి తీసిన వేడి బూరెలు రావాలి. చల్లారితే బిడ్డ ఊపిరి చల్లారుతుందని మన నమ్మకం. నూట ఇరవై ఇళ్ళవాళ్ళూ మాస్కులు పెట్టుకుని వచ్చి, బూరెలు ఇచ్చి, కళ్ళు తుడుచుకుని వెళ్ళారు. ఎర్రజెండా రోజున ఇంత రుచిగా ఎప్పుడూ తినలేదు. పదకొండు తిన్నాను. దుఃఖంలో.

నమోదు 46. జెండా: పచ్చ.

ఒక్క రోజు తేడాలో గాలి నిగనిగలాడుతోంది. ఇది గాలి చేసే పని కాదు, ఎవరో పనిగట్టుకుని చేసే పని.

అక్క పక్కింటి సూరప్పమ్మత్త మెట్ట ఎక్కి వచ్చింది. మా వీధికి ఆవిడే మంత్రసాని, మధ్యవర్తి, పోలీసు.

"ఏట్రా పైడీ, నీ మెషీను సరిగ్గా సూస్తందా? పాత ముక్కుపెట్టిలే నయం. లోయ గట్టు మీద కూకుని వాసన సూసీవి."

"అవి వాటి ముక్కు దాకా వచ్చిందే చూస్తాయత్తా. ఇది దారి పొడవునా గాలి మొత్తాన్ని చూస్తుంది. గాలిని వెలిగించి చూస్తుంది."

"గాలి ఎక్కడైనా ఎలుగుద్దేటిరా? దీపవా?"

కాలేజీలో మా మాస్టారు ఇది చెప్పడానికి రెండు బోర్డులు నింపారు. నాకు బోర్డు లేదు, సూరప్పమ్మత్త ఉంది. "మన వీధి కుక్కలన్నీ పడుకున్నాయనుకో. పెద్ద పిడుగు పడింది. అన్నీ ఉలిక్కిపడి లేచి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అప్పుడు ఒకటి భౌ అంది. ఏమవుద్ది?"

"అన్నీ అందుకుంటాయి."

"ఎవరి రాగం వాళ్ళదా?"

"కాదు. దాని రాగవే."

"నత్రజనీ అంతే. మా చిటికె పిడుగు. ఒక అణువు ఊదాగా భౌ అంటే మిగిలినవన్నీ అదే రంగులో, అదే దిక్కుగా అందుకుంటాయి."

అత్త చాలాసేపు ఆలోచించింది. "అయితే సదువుకుని, కుక్కల్ని మొరిగించీ ఉద్యోగం సంపాదించేవన్నమాట."

వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఆగింది. "అది కాదురా. మీ యక్క నిన్న రేతిరి ఒక్క మెతుకు ముట్టలేదు. ఈసారి ఇంటికి రెట్టింపు బూరెలు ఏయిస్తాను. అమ్మోరు తల్లి ఎందుకు కరుణించదో సూస్తాను."

నమోదు 50. జెండా: ఎరుపు.

రెండో చాటింపు రోజు. మళ్ళీ ఎరుపు. క్రితంసారి కంటే ఎక్కువ మేత. బావ జట్టు ఈ నాలుగు రోజులూ లోయలో ప్రతి ట్యాంకూ తట్టి చూసింది. ఎక్కడా కారడం లేదు. కుళ్ళుగాలి లేని రోజున ఊదాను మేస్తున్నది ఎవరు?

జెండా ఎగరెయ్యబోతుంటే మేడమ్ తాడు పట్టి ఆపారు. తర్వాత, "దారాన్ని పొట్టిగా కొట్టు" అన్నారు. అంటే మెరుపు దూరం పోకుండా దగ్గరలోనే గాలి వెలిగేలా సర్దడం. కొట్టాను. ఊదా నిండుగా ఉంది. మెల్లగా దూరం పెంచుకుంటూ పోయాం. మెట్ట అంచు: శుభ్రం. మార్కెట్టు: శుభ్రం. బడి కప్పు దాటగానే ఊదా చచ్చిపోయింది. లోయ ఇంకా అంత దూరాన ఉంది.

బడి కప్పు మీద ఏముంది? గంట. నీళ్ళ ట్యాంకు. ఇళ్ళన్నీ బిగించి కట్టాం కాబట్టి ఊరి వంటిళ్ళన్నిటి పొగా కలిపి వదిలే ఉమ్మడి పొగగొట్టం.

నేను మేడమ్‌ను చూశాను. మేడమ్ నన్ను చూశారు. ఇరవై ఏళ్ళ సర్వీసున్న శాస్త్రవేత్త, అంత గంభీరమైన ముఖంతో ఆ మాట అనగా ఇంకెవరూ విని ఉండరు.

"బూరెలు."

కాగిన నూనె పొగ, కుళ్ళుగాలి, రెండూ ఊదాలో ఒకే చోట మేస్తాయట. వాటిని విడదీసే రెండో రంగు లేజరు మూత నెలలయ్యాక గానీ రాదు. పాత ముక్కుపెట్టెలకు లోయ వాసనే తప్ప వంటింటి వాసన తెలిసేది కాదు. గాలంతా చూడగలిగే యంత్రం తెచ్చుకున్నాం. అది మొదట చూసింది మా మూకుళ్ళను. నూట ఇరవై ఇళ్ళవాళ్ళు ఆ పిల్ల మీద ప్రేమకొద్దీ తెల్లవారకముందే లేచి, పొయ్యి వెలిగించి, పిల్ల గాలిని తామే చెడగొడుతున్నారు.

"పొగ వల్ల ఎరుపు చూపించిందని తెలుసు కదా మేడమ్. పచ్చ వేసేద్దామా?"

"ఆ పొగ వెనక నిజం కుళ్ళు ఉంటే?"

ఉద్యోగంలో చేరిన రోజున ఆవిడ నాకు చెప్పిన ఒకే ఒక్క నియమం రాస్తున్నాను. జెండాతో అబద్ధం ఆడకు, ఏ రంగుతోనూ ఆడకు. పాత కాలంలో ఒకడు పెళ్ళికి పోవాలని ఉత్తుత్తి ఎరుపు ఎగరేశాడట. ఆ పై వారం నిజం ఎరుపు ఎగిరితే, వీడికి మళ్ళీ ఎవరిదో పెళ్ళి అనుకుని సగం మంది కిటికీలు మూయలేదట. ఆవిడ తమ్ముడు ఆ సగంలో ఉన్నాడు.

నమోదు 51. జెండా: పచ్చ.

సంఘానికి అర్జీ పెట్టాను: చాటింపు రోజున పొగగొట్టం మూత వేయించండి అని. పెద్దల జవాబు సాయంత్రానికే వచ్చింది, వేగానికి జోహార్లు. 'ఎర్రజెండా ఉన్నప్పుడు తప్ప మూత వేయుటకు నిబంధన లేదు.' చాటింపు లేకుండా పచ్చ ఉన్న రోజున తొలిగాలి కానివ్వండి అని రెండో అర్జీ పెట్టాను. 'చాటింపు లేనిదే తొలిగాలి లేదు.'

సరే, కాళ్ళున్నాయి కదా అని ఇల్లిల్లూ తిరిగాను. శనివారం ఆఖరి చాటింపు, ఆ మర్నాటి నుంచి మూత నెలలు. ఆ పొద్దు ఎవరూ మూకుడు పెట్టొద్దని చేతులు పట్టుకున్నాను. అందరూ ఒప్పుకున్నారు. ఎంత చక్కగా ఒప్పుకున్నారంటే నాకు భయమేసింది.

"మేం పెట్టం బాబూ. పక్కింటోళ్ళకి సెప్పు."

"పిల్ల కన్నా బూరెలెక్కువా? అసలు పెట్టం. శకునానికో అయిదు, అంతే."

"అయిదు కూడా వద్దు పిన్నీ."

"అయిదు లేకుండా ఎలాగరా? మొత్తానికే ఒట్టి మూకుడు అశుభం."

సూరప్పమ్మత్త దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పోయింది. ఆవిడ ఒట్టేసింది. తన మీద కాదు, నా మీద. అప్పుడే అర్థమైంది. ఇంటికి అయిదు, నూట ఇరవై ఇళ్ళు. ఆరు వందల బూరెలు, మళ్ళీ ఎరుపు.

అక్కకు ఇదంతా చెప్పాను. వాళ్ళను తిడుతుందనుకున్నాను. పాపను భుజానేసుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది. ఎనిమిది అడుగుల గది.

"ఇన్నిళ్ళలో దీని కోసం తెల్లారకుండా లేస్తున్నారంటే ఎంత అదృష్టవంతురాలో చూడు" అంది. మళ్ళీ ఈ మూలకు వచ్చి, "నాకు దీన్ని పేరు పెట్టి పిలవాలనుందిరా. నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. నిద్రలో అనేస్తానేమోనని భయంగా ఉంది" అంది.

నాకు జోకు రాలేదు. వచ్చే సూచన కూడా కనపడలేదు.

నమోదు 54. జెండా: ఎరుపు, తర్వాత పచ్చ.

శనివారం. మూకుళ్ళు పొయ్యెక్కక ముందే, మేడమ్ రాకముందే, మెట్ట ఎక్కాను. చిటికె కొట్టాను. ఎర్రజెండా ఎగిరింది.

ఉమ్మడి పొగగొట్టం మూత దానంతటదే పడింది. నిబంధన ప్రకారం వంటిళ్ళ పొయ్యిలు ఆరిపోయాయి. ఊరంతా ఒక్కసారి ఉస్సురంది; ఆ ఉస్సురు మెట్ట దాకా వినపడింది. మేడమ్ వచ్చి జెండా చూసి కుర్చీలో కూలబడ్డారు. టోపీ కూడా తీయలేదు.

తొమ్మిదింటికి, "మళ్ళీ కొడతాను మేడమ్" అన్నాను. కొట్టాను. ఊదా నిండుగా వచ్చింది. మేడమ్ లేచి నిలబడ్డారు. దారాన్ని పొట్టిగా, పొడుగ్గా, లోయ అవతలి గట్టు దాకా కొట్టించారు. ఎక్కడా మేత లేదు. ఆవిడే స్వయంగా చూశారు, సంతకం ఉంది.

"జెండా మార్చు."

"మారుస్తాను మేడమ్. తాడు చిక్కుపడింది" అని మెట్ట దిగి పరిగెత్తాను. జెండా మారిస్తే మూత లేస్తుంది. మూత లేస్తే ఆరు వందల బూరెలు నూనెలో దూకడానికి సిద్ధంగా ఉన్నాయి.

అక్క ఇంట్లో నర్సమ్మ ఆక్సిజన్ సిలిండరుతో పొద్దుటి నుంచి కూర్చునే ఉంది. బావ కొత్త చొక్కాలోనే ఉన్నాడు, ఈసారి మడతపెట్టే ఓపిక లేక.

"అక్కా, పాపకు మాస్కు పెట్టు. వీధిలోకి వెళ్దాం. గాలి పచ్చ."

అక్క కిటికీలోంచి మెట్ట వైపు చూసింది. "ఎర్రజెండా ఎగురుతోంది కదరా."

"ఇప్పుడే కొట్టాం. మేడమ్ చూశారు. జెండా మార్చలేదంతే."

"ఎందుకు మార్చలేదు?"

"తర్వాత చెప్తాను. నన్ను నమ్ము."

"నువ్వు పుట్టాక ఒక్క మాట సూటిగా చెప్పలేదు. దీని ఊపిరి పెట్టి నిన్ను నమ్మమంటావా?"

నిజమే కదా. నా మాట చెల్లదు, ముఖం ఉంది. వీధిలోకి నడిచి, మాస్కు తీసి నేల మీద పెట్టి, నోరు తెరిచి గుండెల నిండా పీల్చాను. వదిలాను. మళ్ళీ పీల్చాను. అక్క గుమ్మంలో నిలబడి నన్నే చూసింది, నేను పిల్లాడిగా చెట్టెక్కినప్పుడు చూసినట్టు. చాలాసేపు చూసింది. తర్వాత గుమ్మం దాటింది. వెనకాల బావ, నర్సమ్మ, సిలిండరు.

మేనమామను నేనే కాబట్టి నేనే మాస్కు తీశాను. లోయ అవతలి నుంచి చల్లటి గాలి ఒక్కటి వచ్చి పాప ముఖానికి తగిలింది. పాప ఉలిక్కిపడి గబుక్కున వాళ్ళమ్మ నోటి వైపు చూసింది. దానికి తెలిసిన లోకంలో ముఖాన గాలి తగిలిందంటే అమ్మ ఊదినట్టే. అమ్మ పెదాలు మూసే ఉన్నాయి. మళ్ళీ గాలి వచ్చింది. పాప అమ్మ నోటినీ ఆకాశాన్నీ మార్చి మార్చి చూసింది.

అప్పుడే సూరప్పమ్మత్త కేక వినపడింది.

కిటికీలోంచి ఆవిడ చూసింది ఏమిటి? మెట్ట మీద ఎర్రజెండా, వీధిలో మాస్కు లేని పసిపిల్ల. ఆవిడ తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చింది. చేతిలో పిల్లలకు పెట్టే చిన్న మాస్కు. ఆవిడ ముఖాన ఏమీ లేదు. ఆవిడ వెనక ఎదురింటి ముసలాయన, ఆయన వెనక బడి పంతులమ్మ, ఆమె వెనక వీధి వీధంతా. ఒకరి చేతిలో మాస్కు, ఒకరి చేతిలో తడిగుడ్డ, ఒకాయన చేతిలో కంగారులో గరిటె. నూట ఇరవై ఇళ్ళవాళ్ళలో ఒక్కరికీ తమ మాస్కు గుర్తు రాలేదు. కుళ్ళుగాలి అనుకుంటూనే అందులోకి నోళ్ళు తెరుచుకుని వచ్చారు.

"పచ్చే! పచ్చే! పీల్చండి, పచ్చే!" అని నేను అరుస్తూనే ఉన్నాను. సూరప్పమ్మత్త ముందు నా వీపు మీద రెండు వేసింది. తర్వాత ఆగింది. గట్టిగా పీల్చి చూసింది. తన ముఖం తడుముకుంది.

"ఒలమ్మ" అని నేల మీద కూర్చుండిపోయింది.

అందరూ పీలుస్తున్నారు, అంతే. అక్క వంగి పాప చెవిలో ఏదో అంది. పాప చక్కిలిగింతకు మెడ ముడుచుకుంది. అక్క తలెత్తి ఇన్నాళ్ళూ నోట్లో దాచుకున్న మాటను పైకి అంది.

"పగడాలు."

మనం సముద్రం పోగొట్టుకుని కొండెక్కి, ఆ కొండకు కొత్తరేవు అని పేరు పెట్టుకున్న మనుషులం. ఆ పేరు వినగానే ఎదురింటి ముసలాయన గరిటె కింద పెట్టేసి ఏడ్చాడు. వీధి వీధంతా అంది: పగడాలు. బావ అందరి కన్నా ఆలస్యంగా, ఒక్కడే, ఇంకోసారి అన్నాడు.

"బూరెల్లేవురా" అంది సూరప్పమ్మత్త కింద నుంచే, అపరాధిలా. పంతులమ్మ ఇంట్లోంచి బెల్లం ముక్కా మరమరాలూ తెచ్చింది. తలా పిడికెడు తిన్నాం. పాప నోటికి బెల్లం రాశారు. ఆ తర్వాత నేను మెట్ట ఎక్కి పచ్చజెండా ఎగరేశాను. కింద కిటికీలు తెరుచుకోలేదు. తెరవాల్సినవాళ్ళంతా బయటే ఉన్నారు.

నమోదులు ఇంతే. ఇక పెద్దలు పంపిన ప్రశ్నలు.

చెడ్డ గాలిలోకి పసిబిడ్డను తీసుకెళ్ళానా? లేదు. తొమ్మిది గంటల చిటికె ఉంది, మేడమ్ సంతకం ఉంది, మూత నెలలు మొదలైనా కిటికీ అద్దానికి ముక్కు ఆనించి వీధిని తిడుతున్న పగడాలు ఉంది. ఊరిని మాస్కులు లేకుండా బయటికి పిలిచానా? లేదు. వాళ్ళను పిలిచే శక్తి నాకుంటే మొదట బూరెలే మాన్పించేవాణ్ణి. ఆ పొద్దు నాలుగు గంటలకు ఎరుపు, తొమ్మిదికి పచ్చ ఎలా అయ్యాయి? ఇదే పెద్ద ప్రశ్న. దీనికి తవిటమ్మ మేడమ్ మీకు నిన్ననే జవాబు రాసిచ్చారని విన్నాను. 'యంత్రదోషం, బాధ్యత నాది, రాజీనామా జతచేశాను' అని. నన్నొక్క మాట అడగలేదు. పొద్దున ఎప్పటిలాగే వచ్చి, "టీలో పంచదార ఎక్కువైంది" అన్నారంతే. ఆవిడ ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆడిన మొదటి అబద్ధం అది. అలవాటు లేక సరిగ్గా ఆడలేదు కూడా: దోషం ఉన్న యంత్రం రోజంతా అంత నిండుగా వెలగదు. ఆ రాజీనామా చించెయ్యండి. పై వారం నిజం ఎరుపు ఎగిరితే, దాన్ని ఊరు నమ్మడానికి ఆవిడే ఆ మెట్ట మీద ఉండాలి, ఆ తాడు నా చేతిలో ఉండకూడదు.

నమోదు 54లో 'చిటికె కొట్టాను' అని ఒక వాక్యం ఉంది. దాని పక్కనే 'ఎర్రజెండా ఎగిరింది' అని ఇంకొకటి ఉంది. రెండూ నిజమే. ఆ రెంటి మధ్యా ఒక వాక్యం నేను రాయలేదు. ఊదా నిండుగా తిరిగొచ్చింది. గాలి పచ్చగా ఉంది. అది చూసి, తెలిసి, నా చేత్తో నేనే ఎర్రజెండా ఎగరేశాను.